చేబదులు సకినాలు

సంక్రాంతి నెల వచ్చిందంటే తెలుగువారి ఇళ్ళలో నూనెమూకుడు పొయ్యి దిగదు. అయితే ఆ మూకుట్లో ఏం వేగుతుందన్నది మాత్రం నదికొకటి, సీమకొకటిగా మారిపోతుంది. మా కృష్ణా, గుంటూరు ప్రాంతాలలో అరిసెల పాకం వాసన వీధి చివరికి వస్తుంది. జంతికల గొట్టం ఇంటింటికీ చేతులు మారుతుంది. గోదావరి పక్కకు పోతే పోకుండలూ వాటి వెంట వస్తాయి. ఓరుగల్లు, కరీంనగరం వైపు వెళ్ళి, పండుగకు ఏం చేసుకున్నారమ్మా అని అడగండి. మొదట వచ్చే జవాబు ఒక్కటే: సకినాలు.

చూడనివారికోసం చెబుతున్నాను. అరచేతి వెడల్పున, ఎక్కడా తెగకుండా మూడో, నాలుగో, చెయ్యి తిరిగినవారైతే అయిదో చుట్లు చుట్టిన బియ్యప్పిండి చక్రం సకినం. ఆ చుట్టు నున్నగా ఉండదు. నులకతాడు పేనినట్టు పొడుగునా మెలికలు తిరిగి ఉంటుంది. వేగినా ఎర్రబడదు, తెల్లగా, వెన్నెల రంగులో ఉండి, మెలికల సందుల్లో నువ్వుగింజలు మెరుస్తూ ఉంటాయి. నోట్లో వేసుకుంటే ముందు చప్పుడు, తరవాత వాము ఘాటు, చివరికి నువ్వుల కమ్మదనం.

జంతికకు గొట్టం ఉంది. చేగోడీకి పీట ఉంది. అరిసెను అద్దడానికి చెక్కలున్నాయి. సకినానికి మాత్రం బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తప్ప మరో పనిముట్టు లేదు. అరవదేశంలోనూ చేత్తో చుట్టే మురుకులున్నాయి. కాని వారు పిండిలో మినప్పిండి కలుపుతారు, అది జిగురిచ్చి పిండిని పట్టి ఉంచుతుంది. సకినంలో ఆ ఆసరా కూడా లేదు. బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు, నీళ్ళు, అంతే. గోధుమపిండికి ఉన్న సాగే గుణం బియ్యప్పిండికి లేదని వంటింట్లో అడుగుపెట్టిన ప్రతివారికీ తెలుసు. అటువంటి పిండిని తాడులా పేని, తెగకుండా నాలుగు చుట్లు తిప్పడం ఎలా సాధ్యమా అని నాకు చిరకాలంగా ఆశ్చర్యం. హనుమకొండ కళాశాలలో పనిచేసే నా సహాధ్యాయిని ఒకామె, "మా అత్తమ్మ బతికుండగానే వచ్చి చూసిపో. ఈ యేడు మా పెద్దమ్మాయి పండుగ సారె కూడా ఉంది" అని పిలిచేసరికి, 2024 జనవరి 11వ తేదీన బయలుదేరాను.

బెజవాడలో రైలెక్కితే ఓరుగల్లు రెండువందల కిలోమీటర్ల పైచిలుకు. ఖమ్మం, డోర్నకల్లు, మహబూబాబాదు దాటుతూ ఉండగా నేల రంగు మారుతుంది, బోగీలో మాట తీరూ మారుతుంది. మా వైపు "వచ్చారా" అన్నది అక్కడ "వచ్చినరా" అవుతుంది. హనుమకొండలో బస్సు దొరికేలోగా గంట వ్యవధి ఉంటే వేయిస్తంభాల గుడికి వెళ్ళాను. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన గుడి అది. నల్లరాతి స్తంభాల మీద గాజులు పేర్చినట్టు ఒకదానిపై ఒకటి చుట్లు. వచ్చిన పని సకినాలది కావడం చేత కాబోలు, నాకు ఆ రాతిలో కూడా అవే కనిపించాయి.

పరకాల వైపు వెళ్ళే బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఒక పక్క చివరి తీత అయిన పత్తిచేలు, గోధుమరంగు కట్టెలతో, అక్కడక్కడ మిగిలిన తెల్లటి దూదితో. ఇంకో పక్క యాసంగి నాట్లకోసం దమ్ము చేసిన మడులు, అద్దం పరిచినట్టు. వానకాలపు పంట కొత్త బియ్యమై ఇళ్ళకు చేరి ఉన్నది. సకినాలకు ఆ కొత్త బియ్యమే కావాలి. పాతబియ్యానికి జిగి తక్కువ. పంట ఇంటికి రావడం, పండుగ రావడం, పిండివంట రావడం, మూడూ ఒకే వరుసలో నడిచే సంగతులన్నమాట.

నేను చేరేసరికి పొద్దువాలింది. మా మిత్రురాలి అత్తగారు అరుగు మీద కూర్చుని నువ్వులు చెరుగుతున్నారు. ఎనభైకి దగ్గర పడిన మనిషి. నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఏం బిడ్డా, గింత దూరం సకినాల కోసమే వచ్చినవా? మీ దిక్కు బియ్యం లేవా?" అన్నారు. ఊళ్ళో అందరూ ఆమెను అవ్వ అనే పిలుస్తారు. ఆ సాయంత్రం నుంచి నాకూ అవ్వే.

నేను తెలుగు పాఠాలు చెప్పేదాన్నని తెలిసి ఆవిడ నాకే పరీక్ష పెట్టారు. "సకినమంటే ఏందో చెప్పు మరి."

సంస్కృతంలో శష్కులి అని ఒక మాట ఉంది. నూనెలో వేచిన గుండ్రటి పిండివంటకు అది పేరు. విచిత్రమేమిటంటే చెవి దొప్పకూ ఆ మాటే వాడతారు, కర్ణశష్కులి అని. మెలికలు తిరిగిన చెవిని చూస్తే ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. మన చక్కిలాలకూ, కన్నడిగుల చక్కులికీ ఆ శష్కులి మూలమని పండితులంటారు. సకినాన్నీ ఆ వంశంలోనే కలిపేవారున్నారు. చుట్టును చూసి చక్రం నుంచి వచ్చిందనేవారూ ఉన్నారు. కొన్ని ఊళ్ళలో చకినాలనే అంటారు. ఇదంతా చెబితే అవ్వ ఓపికగా విని, చెరుగుతున్న చాట పక్కన పెట్టి, "గవన్నీ నాకెరుక లేదు గాని, మా అత్త చెప్పింది శకునం. శుభం జరిగే ఇంట్ల శకునం మంచిగుండాలని సకినం. పిల్లనిచ్చిన ఇంటికి సారెల ఇవి లేకుంటె ఎట్ల?" అన్నారు. నేను మారు మాట్లాడలేదు. నిఘంటువులో ఏ మాట గెలిచినా, ఆ ఇంట్లో గెలిచేది శకునమే అని తెలిసిపోయింది.

సారె సంగతి ఇక్కడ చెప్పాలి. తెలంగాణలో పెళ్ళయిన పిల్లకు పుట్టింటివారు పెట్టే సారెలో సకినాలకు పెద్దపీట. వియ్యాలవారు వాటిని తమ బంధువులకూ ఇరుగుపొరుగులకూ పంచుతారు. గంపలో వెళ్ళిన సకినం గుండ్రంగా, విరగకుండా, కరకరలాడుతూ ఉంటే పిల్ల పుట్టింటి పేరు ఆ వీధంతా వినిపిస్తుంది. మా మిత్రురాలి పెద్దకూతురికి 2023 వేసవిలో పెళ్ళయింది; అత్తవారిది కరీంనగరం. తొలి సంక్రాంతికి అయిదువందల ఒక్క సకినాలు పంపాలని అవ్వ లెక్క. పది కిలోల బియ్యం ఆ రాత్రే నానబోశారు.

మా మిత్రురాలికి ఈ లెక్క సమ్మతం కాదని వంటింట్లో నాతో మెల్లగా చెప్పింది. "హనుమకొండలో మంచి దుకాణాలున్నాయి. చెబితే పెట్టెలలో సర్ది ఇస్తారు. ఇక్కడ చుట్టేవాళ్ళేరి? వెనకట ఈ వాడలో పదిమంది ఆడవాళ్ళు కూర్చునేవారు. ఇద్దరు కొడుకుల వెంట హైదరాబాదు వెళ్ళిపోయారు. ఒకామె పోయింది. ఒకామెకు కళ్ళు కనిపించవు. అత్తమ్మ వేళ్ళు వంగవు. నాకు మూడు చుట్లు దాటితే చెయ్యి వణుకుతుంది. చిన్నది ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. ఎదురింటి అక్క ఒక్కతే మిగిలింది, ఆమె వస్తుందనే అత్తమ్మ ధైర్యం."

తెల్లవారి నానిన బియ్యాన్ని జల్లిగంపలో వడకట్టి, నీడలో బట్టమీద ఆరబోశారు. చేతితో పట్టుకుంటే చల్లగా తడి తగలాలి, అరచేతికి నీరు అంటకూడదు, అదీ అదను. అప్పుడు గిర్నికి పంపి పిండి పట్టించారు. అవ్వ చిన్నతనంలో రోట్లో దంచి జల్లించేవారట. తడిపిండి మెత్తగా, పిడికిలి పడితే ముద్దయ్యేటట్టు ఉంటుంది. పొడి బియ్యప్పిండి కొని తెచ్చి చేస్తే సకినం రాయి అవుతుంది. ఇది అవ్వ మొదటి సూత్రం. రెండో సూత్రం ఆ రోజు కథను నడిపినది: తడిపిండి ఒక్క రోజుకన్న ఆగదు, పులుస్తుంది. నానబోసిన నాడే చుట్టాలి, చుట్టిన నాడే వేచాలి.

సరిగ్గా అప్పుడే ఎదురింటి అక్క వచ్చి గడపలో నిలబడింది. నలభై దాటని మనిషి. భర్త పోయి ఆరేళ్ళయింది. లోపలికి రమ్మన్నా రాకుండా, కొంగు వేలికి చుట్టుకుంటూ, "అవ్వా, నేను రాలేను. దుకాణపోళ్ళది పది కిలోల పని ఉన్నది. సాయంత్రం నాలుగింటికి ఆటో వస్తది. నేను కూడ రాత్రే నానవోసిన" అంది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా మిత్రురాలు నావైపు చూసింది. నేను చెప్పలేదా అన్న చూపు. ఎదురింటి అక్క మళ్ళీ తనే అందుకుంది. "ఈ పదిరోజుల పైసలతోటే మా పోరని హాస్టలు మెస్సు కట్టాలె అవ్వా. ఇయ్యాల పని తప్పితే ఎల్లుండి నుంచి వేరేవాళ్ళకిస్తరు."

ఆ పిల్లవాడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. పండుగ సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాడు. ఆమెకు కూలిపనులు దొరికే రోజులు వేరే ఉన్నాయి. పత్తి ఏరే రోజులు, నాటు వేసే రోజులు. కాని నీడపట్టున కూర్చుని, తన వేళ్ళకున్న నేర్పుకు నాలుగు డబ్బులు తెచ్చుకునే పని ఏడాదిలో ఈ పండుగ రోజులదే. పదిమందికీ ఊరకే చుట్టిపెట్టిన చేతికి ఇప్పుడొక ధర వచ్చింది. ఆ ధరను కాదని మా సారెకు రమ్మనడం ఎలా? రాకపోతే ఇక్కడ పది కిలోల పిండి పులిసిపోతుంది. నాలుగు రోజుల్లో పండుగ.

అవ్వ చేతికర్ర తీసుకుని లేచారు. కోపంతో లోపలికి వెళ్ళిపోతారనుకున్నాను. ఆవిడ చెప్పులు వేసుకుని గడప దిగారు.

"మీ పది కిలోలు ఎంతమంది?" 

"నేను, మా తోటికోడలు, పోరడు."

"ముగ్గురికి నాలుగ్గంటల దాక ఒడువది. చుట్టుడు ఒక్కటేనా, ఆరాలె, వేచాలె. మేం నలుగురం వస్తున్నం. ముందు నీది ఒడగొడదాం. ఎనుక మాది."

"అయ్యో అవ్వా, మీరొచ్చి దుకాణపోళ్ళ పని చేసుడేంది!"

"దుకాణపోళ్ళది కాదు, నీది" అని అవ్వ అప్పటికే వీధి దాటుతున్నారు.

ఆ విధంగా నేను సకినం చుట్టడం చూసింది మొదట ఎదురింటి వాకిట్లో, అమ్మకానికి వెళ్ళే సకినాల దగ్గర. వాకిలి అలికి, చాపలు పరిచి, వాటిమీద ఉతికిన పాత ధోవతులూ నూలుచీరలూ పరిచారు. పట్టుబట్ట, టెరికాటను పనికిరావు. తడిని పీల్చే నూలుబట్టే కావాలి. నాలుగు సోలల పిండికి ఒక సోలెడు నువ్వులు, చారెడు వాము అరచేతిలో నలిపి, తగినంత ఉప్పు. నీళ్ళు ఒక్కసారి పొయ్యరు; చిలకరిస్తూ, కలుపుతూ, మళ్ళీ చిలకరిస్తూ పోతారు. చపాతీ పిండికన్న మెత్తగా, గారెల పిండికన్న గట్టిగా వచ్చాక తడిబట్ట కప్పుతారు. ఈ కలిపే పని అవ్వది. వేళ్ళు వంగకపోయినా అరచెయ్యి మాట వింటుందట. పిండి గట్టిపడితే చుట్టు తెగుతుంది. పల్చబడితే బట్టకు అంటుకుపోయి, మూకుట్లో నూనె తాగుతుంది.

మొదట చిటికెడు పిండితో గౌరమ్మను చేసి, పసుపుకుంకుమలు పెట్టి బట్ట మూలన కూర్చోబెట్టారు. తరవాత చేతులు కదిలాయి.

ఎదురింటి అక్క నిమ్మకాయంత ముద్ద కుడిచేతిలోకి తీసుకుంది. ముద్ద అరచేతికీ చివరి రెండు వేళ్ళకూ మధ్య ఉంటుంది. బొటనవేలితో దానిని కొద్ది కొద్దిగా ముందుకు తోస్తూ, చూపుడువేలు నడిమివేళ్ళ కొసలమీద దొర్లిస్తూ ఉంటే, పెన్సిలుకన్న సన్నటి తాడు మెలిక తిరుగుతూ కిందికి దిగుతుంది. దిగిన తాడు బట్టను తాకడం, చెయ్యి గుండ్రంగా తిరగడం, మొదటి చుట్టును రెండోది ఒరుసుకుంటూ పోవడం, అంతా ఒక్క కదలికలా ఉంటుంది. తోయడం, పేనడం, తిప్పడం, మూడు పనులు మూడు వేళ్ళలో. నాలుగు చుట్లు పూర్తవగానే కొసను లోపలి చుట్టుకు మెల్లగా అదిమి వదిలేసింది. నిమిషం పట్టిందేమో.

మెలిక ఎందుకు, ఊరికే సన్నటి తాడులా వత్తి చుట్టకూడదా అని అడిగాను. జవాబు ఆ పాలిటెక్నిక్ కుర్రవాడు చెప్పాడు. "నున్నగుంటే చుట్టుకు చుట్టుకు పట్టు ఉండది మేడం. మెలికుంటే గట్లు గట్లుగ ఒకదాన్నొకటి పట్టుకుంటయి. నూనె పోయెతందుకు సందులు కూడ ఉంటయి." చెబుతూనే వాడు అయిదు చుట్ల సకినం ముగించాడు. మగపిల్లవాడు సకినాలు చుట్టడమేమిటని వాడలో ఎవరైనా అన్నారో లేదో గాని, ఆ వాకిట్లో వాడికన్న వేగంగా చుట్టినవారు వాడి తల్లి ఒక్కతే.

మొదట నాకు ముద్దలు చేసి అందించే పని ఇచ్చారు. అది కుదిరాక, బట్ట చివర ఒక జానెడు జాగా చూపించి, "ఇక్కడ చుట్టు బిడ్డా, రెండు చుట్లు" అన్నారు అవ్వ. మధ్యాహ్నానికి రెండు చుట్లు నిలిచాయి. అవి దుకాణానికి వెళ్ళవు. దుకాణంవారు నాలుగు చుట్లు ఉన్నవే తీసుకుంటారు, విరిగినవి తూకంలోంచి తీసేస్తారు. "దుకాణపాయన గుండ్రం చూస్తడు, అవ్వ మెలిక చూస్తది" అని ఎదురింటి అక్క నవ్వింది. నిజమే, అవ్వ చేతికర్రతో చూపించి ఇది ఎవరు చుట్టినది, అది ఎవరు చుట్టినది చెప్పేస్తున్నారు. దస్తూరీ చూసి విద్యార్థిని గుర్తుపట్టినట్టు.

ఒక వరుస పూర్తయ్యేసరికి మొదటి వరుస ఆరుతుంది. తడిని బట్ట పీల్చుకుని, పైన మెరుపు పోయి, చుట్టు బిగుస్తుంది. అప్పుడు పలుచని అట్లకాడ కిందికి పోనిచ్చి ఒడుపుగా లేపి మూకుట్లో జారవిడుస్తారు. ఆరనిది వేస్తే నూనెలో చిట్లుతుంది. మరీ ఆరినది వేస్తే లేపేటప్పుడే విరుగుతుంది. మంట నడిమిరకంగా ఉండాలి. నూనెలో బుడగల సవ్వడి తగ్గిందంటే వేగినట్టు. రంగుకోసం ఆగితే మాడినట్టు. వేచే పని మా మిత్రురాలు తీసుకుంది. మూడున్నరకు పది కిలోల పనీ డబ్బాల్లోకి ఎక్కింది. నాలుగింటికి ఆటో వచ్చి, తూచి, తీసుకుని వెళ్ళింది.

ఆటో మలుపు తిరగకముందే ఎదురింటి అక్క చేతులు కడుక్కుని, కొడుకునూ తోటికోడలినీ వెంటబెట్టుకుని మా వాకిట్లోకి వచ్చేసింది. మళ్ళీ గౌరమ్మ, మళ్ళీ బట్టలు, మళ్ళీ ముద్దలు. చీకటి పడ్డాక వాకిట్లో దీపం వేశారు. చలి మొదలయింది, బట్టలు త్వరగా ఆరవని అవ్వ వాటిని వసారాలోకి లాగించారు. వరుసలు వరుసలుగా పరుచుకున్న తెల్లటి చక్రాలను తొక్కకుండా నడవడానికి అందరం మునివేళ్ళమీద తిరిగాము. ఎవరి కోడలు ఎక్కడుంది, ఎవరి నోము ఈ యేడు, ఎవరి పొలానికి నీళ్ళు అందలేదు. ఊరి సమాచారమంతా ఆ చుట్లమధ్య తిరిగింది. తొమ్మిదిన్నరకు ఆఖరి వాయి దిగింది. చిన్నమ్మాయి లెక్కపెట్టింది. అయిదువందల ఒకటి పోగా ముప్ఫయికి పైగా మిగిలాయి. అందులో నా రెండు చుట్ల సకినాలు కూడా ఉన్నాయి.

అసలు సంగతి అప్పుడు జరిగింది. మా మిత్రురాలు లోపలికి వెళ్ళి డబ్బు తెచ్చి ఎదురింటి అక్క చేతిలో పెట్టబోయింది. దుకాణంవారిచ్చే కూలికి తక్కువ కాకుండా లెక్కకట్టి తెచ్చింది. ఆమె ఉద్దేశం మంచిదే; నేర్పుకు ధర ఉన్నప్పుడు తనవారని ఊరకే చేయించుకోవడం న్యాయం కాదని ఆమె వాదం. ఎదురింటి అక్క చేతులు వెనక్కి తీసుకుంది. "పొద్దున మీరు నలుగురు నాకు చేసినరు. నేను ఇచ్చిన్నా?"

ఇద్దరూ అవ్వవైపు చూశారు. అవ్వ పేరంటానికి లెక్క చెప్పినట్టు వేళ్ళు మడవబోయి, మడవలేక, తెరిచిన చేతినే చూపిస్తూ అన్నారు. "మావోళ్ళు నలుగురు పోయినం. మీవోళ్ళు ముగ్గురు వచ్చినరు. ఇంక ఒక మనిషి పని నువ్వు మాకు బాకీ. పైసల ముచ్చట తియ్యకు."

"ఆ ఒక్క మనిషి పని రేపు తీర్చేస్త అవ్వా."

"రేపెందుకు? ఉండనియ్యి. బాకీ ఉంటెనే రాకపోక ఉంటది."

చేబదులు అనే మాటను మనం రోజూ వాడతాం. కాగితం లేకుండా, వడ్డీ లేకుండా, నమ్మకంమీద తెచ్చుకునే నాలుగు రూపాయలు. ఆ మాటలో చెయ్యి ఉంది, బదులు ఉంది. ఇన్నేళ్ళుగా పిల్లలకు సమాసాలు చెబుతూ, అందులోని చేతిని నేను డబ్బు పట్టుకున్న చెయ్యిగానే చూశాను. పని చేసే చెయ్యిని బదులివ్వడం, చెయ్యికి చెయ్యి తీర్చుకోవడం ఆ రాత్రి వసారాలో కళ్ళ ఎదుట కనిపించింది.

దుకాణాలు వచ్చి సకినాలను పాడుచేశాయని, ఇళ్ళలో చుట్టేవారు లేరని మనం తరచుగా వాపోతాం. నేను చూసినది వేరు. దుకాణం సకినం ఆకాశంనుంచి ఊడిపడలేదు. నేను ఆ రోజు చూసిన పది కిలోలూ ఒక తల్లి, ఆమె తోటికోడలు, ఒక చదువుకునే కుర్రవాడు చుట్టినవి. వెనకట ఆ వేళ్ళకు డబ్బు లేదు. పదిమంది కూర్చుని ఒకరి ఇంటి పని మరొకరు చేసుకునేవారు. ఇప్పుడు డబ్బు వచ్చింది, ఆ పదిమంది లేరు. డబ్బు రావడం మంచిదే. ఒక పిల్లవాడు హాస్టల్లో అన్నం తింటున్నాడు. కాని డబ్బు ఇచ్చేస్తే అక్కడితో లెక్క ముగిసిపోతుంది. అవ్వ భయమల్లా ఆ ముగింపుకే. ఎదురింటి ఆడమనిషి సంపాదన చెడకుండా, తన ఇంటి శకునం తప్పకుండా, ఇద్దరి మధ్యా ఒక మనిషి పని బాకీగా ఉంచి మరీ ఆవిడ ఆ లెక్క సరిచేశారు. అర్థశాస్త్రం చదివినవారు దీనికేం పేరు పెడతారో గాని, నాకు చేబదులు అన్న తెలుగు మాట చాలనిపించింది.

ఇంట్లో చేసి చూడాలనుకునే సోదరీమణులకు ఒకటి రెండు మాటలు. మొదటిసారి కిలో బియ్యానికి మించవద్దు; చేతికొక యాభై వరకూ వస్తాయి, అవి చుట్టేసరికే వేళ్ళు చెబుతాయి. రాత్రి నానబోసి, ఉదయం ఆరబెట్టి, తడి ఉండగానే పిండి పట్టించండి. కలిపిన పిండి తడిబట్ట కిందనే ఉండాలి. రెండు చుట్లతో మొదలుపెట్టండి. పూర్తిగా చల్లారాక మూత బిగుతైన డబ్బాలో పెడితే నెల వరకూ కరకరలాడుతూ ఉంటాయి. అన్నిటికన్న ముఖ్యం, ఒంటరిగా కూర్చోవద్దు. ఒకరు కలిపి, ఇద్దరు చుట్టి, ఒకరు వేస్తేనే పిండి పులిసేలోగా పని తెములుతుంది. పక్కింటివారిని పిలవండి. తరవాత వారు పిలిచినప్పుడు మీరు వెళ్ళాలి, అంతే.

మర్నాడు తిరుగుప్రయాణంలో హనుమకొండ బజారులో ఒక మిఠాయి దుకాణం ముందు ఆగాను. అద్దాల పెట్టెలో సకినాలు దొంతులుగా పేర్చి ఉన్నాయి. చాలాసేపు వంగి చూశాను. కొన్నిటిలో మెలిక వదులుగా ఉంది, కొన్నిటిలో బిగువుగా. ఒక దొంతిలో అయిదు చుట్ల సకినం ఒకటి కనిపించింది. అది ఎవరు చుట్టినదో చెప్పడానికి అవ్వ కావాలి, నేను చాలను. అయినా ఎవరో ఒకరు చుట్టారన్న సంగతి మాత్రం ఇక మరిచిపోలేను. సంచిలో అవ్వ కట్టి ఇచ్చిన మూట ఉన్నా, అర కిలో కొన్నాను.

కనుమ నాడు మా మిత్రురాలు ఫోను చేసింది. సారె గంప కరీంనగరం క్షేమంగా చేరిందట. బస్సులో విరిగిపోతాయేమోనని ఎదురింటి కుర్రవాడు వెంట వెళ్ళి, దారిపొడుగునా ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయాడట. అయిదువందల ఒకటిలో విరిగినవి ఏడే. వియ్యపురాలు సంతోషించి, ఎవరు చుట్టారని మూడుసార్లు అడిగిందట.

"ఇంకేం, ఆ ఒక్క మనిషి పని బాకీ తీరిపోయినట్టేగా?" అన్నాను.

"నేనూ అదే అన్నాను. 'గది వేరే లెక్క' అంది అత్తమ్మ."